స్కోర్‌కార్డుకు కనిపించని పని: ఆస్ట్రేలియన్ ఫుటీలో అడ్డు నిలబడేవాళ్ల విలువ

2018 సెప్టెంబరు 29, మెల్‌బోర్న్ క్రికెట్ గ్రౌండ్. లక్ష మంది ప్రేక్షకులు. ఆస్ట్రేలియన్ ఫుట్‌బాల్ లీగ్ గ్రాండ్ ఫైనల్ ముగియడానికి రెండు నిమిషాలు కూడా లేవు. కాలింగ్‌వుడ్ 74, వెస్ట్ కోస్ట్ 72. తన గోల్ వైపు వచ్చిన బంతిని వెస్ట్ కోస్ట్ డిఫెండర్ జెరెమీ మెక్‌గవర్న్ గాల్లోనే పట్టేశాడు. అతని నుంచి నేథన్ వార్డీకి, వార్డీ నుంచి లియమ్ ర్యాన్‌కి, ర్యాన్ నుంచి డొమ్ షీడ్‌కి బంతి చకచకా వెళ్లిపోయింది. షీడ్ బౌండరీ గీతను ఆనుకుని నిలబడి, గోల్ స్తంభాలు సరిగ్గా కనిపించను కూడా కనిపించని కోణం నుంచి కొట్టాడు. గోల్, అంటే ఆరు పాయింట్లు. చివరికి 79-74తో కప్పు వెస్ట్ కోస్ట్‌ది.

ఆ కిక్ వీడియో కొన్ని లక్షల సార్లు తిరిగింది. ఈసారి చూసేటప్పుడు షీడ్‌ను వదిలేసి, అతని పక్కన ఉన్న సహచరుడు విల్లీ రియోలీని చూడండి. ర్యాన్ కొట్టిన బంతి ఇంకా గాల్లో ఉండగానే కాలింగ్‌వుడ్ డిఫెండర్ బ్రేడన్ మేనార్డ్ షీడ్ వైపు వెళ్లబోయాడు. రియోలీ బంతి వైపు వెళ్లలేదు. మేనార్డ్‌కు అడ్డంగా ఒళ్లు పెట్టి నిలబడ్డాడు. షీడ్ ఎవరి పోటీ లేకుండా బంతిని గుండెలకు హత్తుకున్నాడు. రియోలీ చేసింది అంతే. ఆ రోజు గణాంకాల్లో షీడ్ పేరు మీద ఒక మార్క్ (కిక్ కొట్టిన బంతిని గాల్లోనే పట్టుకోవడం), ఒక గోల్ పడ్డాయి. రియోలీ పేరు మీద ఆ క్షణానికి దక్కింది కాలింగ్‌వుడ్ అభిమానుల తిట్లే. అది ఫ్రీ కిక్ ఇవ్వాల్సిన తప్పని వాళ్లు ఇప్పటికీ వాదిస్తూనే ఉన్నారు. ఆ వాదనలో పస ఉంది. దాని సంగతి తర్వాత.

ముందు, ఈ ఆటలో అడ్డు నిలబడటం ఎందుకంత ముఖ్యమో చూడాలి. ఫుట్‌బాల్ అన్న పేరున్న ఆటల్లో దీని నిర్మాణమే వేరు. ఒక్కో జట్టుకు 18 మంది, క్రికెట్ మైదానమంత ఓవల్, పైగా ఆఫ్‌సైడ్ నిబంధన లేనే లేదు. రగ్బీలో బంతికి ముందున్న సహచరుడు ప్రత్యర్థికి అడ్డుపడితే పెనాల్టీ. సాకర్‌లోనూ బంతి జోలికి పోకుండా మనిషిని ఆపితే తప్పే. ఫుటీలో మాత్రం ఎవరు ఎక్కడైనా ఉండొచ్చు. దాంతో బంతి పట్టుకున్నవాడి మీదకు దాడి ముందు నుంచే రావాలని లేదు. పక్క నుంచి రావచ్చు, వెనక నుంచి రావచ్చు. మనిషికి తల వెనక కళ్లుండవు కదా. ఆ కళ్ల పని సహచరుడు చేయాలి. కేక వేసి హెచ్చరించాలి, వీలైతే తరుముతున్నవాడికి అడ్డంపడాలి.

నిబంధనలు దీన్ని అనుమతిస్తాయి, హద్దులతో. బంతి 5 మీటర్ల లోపు ఉంటే, బంతి లేని ప్రత్యర్థిని కూడా ఒంటితో అడ్డుకోవచ్చు, భుజంతో నెట్టొచ్చు. దీన్నే అక్కడ షెపర్డ్ అంటారు. జెర్సీ పట్టుకోకూడదు, వీపు మీద తోయకూడదు, భుజాలకు పైన తగలకూడదు. చేతులు చాచి దారి మూయొచ్చు గానీ చుట్టేయకూడదు.

ఇప్పుడు ఒక ఆటగాడి బుర్రలో ఏం జరుగుతుందో ఊహించండి. గుంపులోంచి తన సహచరుడు బంతి లాక్కుని బయటికి పరిగెత్తాడు. వెనక ప్రత్యర్థి తరుముతున్నాడు. పక్కనే ఉన్న మనవాడి ముందు రెండు దారులున్నాయి. మొదటిది, ముందుకు పరిగెత్తి ‘నాకివ్వు’ అని అరవడం. హ్యాండ్‌బాల్ (పిడికిలితో కొట్టి ఇచ్చే పాస్) అందితే అతని లెక్కలో ఒక పొసెషన్, అంటే బంతి చేజిక్కిన లెక్క, పడుతుంది, టీవీలో పేరు వినిపిస్తుంది, వచ్చే ఏడాది కాంట్రాక్టు మాట్లాడేటప్పుడు అదీ పనికొస్తుంది. రెండోది, ఆగి, వెనక్కి తిరిగి, తరుముతున్నవాడి ఛాతీకి ఛాతీ ఆనించి ఒక్క సెకను ఆపడం. దీనికి దెబ్బ తప్ప ఇంకేం రాదు. కానీ గంటకు 28 కిలోమీటర్ల వేగంతో పరిగెత్తేవాడు సెకనుకు దాదాపు 8 మీటర్లు వెళ్తాడు. ఎనిమిది మీటర్ల ఖాళీ దొరికితే ఈ ఆటలో తల ఎత్తి, చుట్టూ చూసి, యాభై మీటర్ల దూరంలో ఉన్న ఫార్వర్డ్‌కి నింపాదిగా కిక్ కొట్టొచ్చు. ఆ ఖాళీ లేకపోతే టాకిల్ పడుతుంది. బంతి వదిలించుకునే అవకాశం ఉండీ వదలకపోతే ప్రత్యర్థికి ఫ్రీ కిక్. ఒకే సెకనులో ఆట ఇటు నుంచి అటు తిరగబడుతుంది.

అందుకే దీన్ని త్యాగం అని పొగడటం నాకు అంతగా నచ్చదు. త్యాగం అంటే చేసినా చేయకపోయినా ఆట సాగిపోతుందన్న ధ్వని వస్తుంది. ఇక్కడ అలా కాదు. రెండో దారి పట్టేవాళ్లు లేని జట్టులో స్టార్ ఆటగాడు కూడా మామూలువాడైపోతాడు.

మనకు బాగా గుర్తున్న ఉదాహరణ అదే మైదానంలో ఉంది. 2024 డిసెంబరు 28న విశాఖ కుర్రాడు నితీశ్ కుమార్ రెడ్డి 99 పరుగుల దగ్గర అవతలి ఎండ్‌లో నిలబడి ఉండగా బుమ్రా డకౌటయ్యాడు. ఆఖరి బ్యాటర్‌గా వచ్చిన మన సిరాజ్ కమిన్స్ వేసిన మూడు బంతులను కాచుకున్నాడు. తర్వాత బోలండ్ బౌలింగ్‌లో నితీశ్ కొట్టిన ఫోర్‌తో వంద పూర్తయింది. ఆ మూడు బంతులకు స్కోరుబోర్డులో వచ్చింది సున్నా. అయితే సిరాజ్‌కు ఒక అదృష్టం ఉంది. క్రికెట్‌లో ఒక్కో బంతిని అందరూ ఊపిరి బిగబట్టి చూస్తారు కాబట్టి ఆ మూడు బంతుల విలువ వెంటనే తెలిసిపోయింది. ఫుటీలో కెమెరా బంతి వెంట పోతుంది. అడ్డు నిలబడినవాడు ఫ్రేములోంచే జారిపోతాడు.

అసలు లెక్కే లేదా అంటే, ఉంది. ప్రత్యర్థి పట్టబోయే బంతిని పిడికిలితో కొట్టేయడం, కాలి నుంచి వెలువడే కిక్ మీద ఒళ్లు పడేసి ఆపడం, షెపర్డ్ లాంటివన్నీ కలిపి ‘వన్ పర్సంటర్లు’ అనే ఖాతాలో వేస్తారు. పేరుకు తగ్గట్టే మ్యాచ్ నివేదికల్లో వాటికి దక్కే చోటూ అంతే. ఒకటి రెండు మాత్రం చరిత్రలో నిలిచిపోయాయి. 2010లో కాలింగ్‌వుడ్, సెయింట్ కిల్డా గ్రాండ్ ఫైనల్ 68-68తో సమమైంది. అప్పట్లో ఎక్స్‌ట్రా టైమ్ లేదు. వారం తర్వాత మళ్లీ ఆడారు. మొదటి క్వార్టర్‌లో సెయింట్ కిల్డా కెప్టెన్ నిక్ రీవోల్ట్ గోల్ ముంగిట బంతి పట్టుకుని, ఇక తన్నడమే తరువాయి అన్నట్టున్నాడు. వెనక నుంచి హీత్ షా వస్తున్న సంగతి అతనికి తెలియదు. షా ఎగిరి దూకి ఆ కిక్‌ను చేతులతో ఆపేశాడు. 108-52తో కాలింగ్‌వుడ్ గెలిచింది. 56 పాయింట్ల తేడా అంతా ఆ ఒక్క పనివల్లే వచ్చిందనడం అతిశయోక్తే. కానీ ఆ ఫైనల్ పేరెత్తితే అభిమానులు ముందు చెప్పుకొనేది పడిన గోల్స్ గురించి కాదు, ఆగిపోయిన ఆ గోల్ గురించి.

గోల్ గీత దగ్గర ఇంకో ముచ్చట ఉంది, నాకు చాలా ఇష్టమైనది. దూరం నుంచి కొట్టిన బంతి నేల మీద గెంతుతూ స్తంభాల మధ్యకు వస్తుంటుంది. అక్కడున్న ఫార్వర్డ్ కాలితో తోస్తే గోల్ తన పేరు మీద పడుతుంది. చాలాసార్లు అతను ఆ పని చేయడు. డిఫెండర్ వైపు తిరిగి అడ్డం నిలబడి, బంతిని దాని మానాన దొర్లనిస్తాడు. డిఫెండర్ చేయి తగిలితే ఆరు పాయింట్లు కాస్తా ఒకటైపోతాయి కాబట్టి ఆపాల్సింది బంతిని కాదు, మనిషిని. గోల్ దూరంగా ఉన్న సహచరుడి ఖాతాలోకి పోతుంది.

ఇలాంటి పనులకు బయట గుర్తింపు లేనప్పుడు కొన్ని క్లబ్బులు లోపల సొంత లెక్క పెట్టుకున్నాయి. 2000ల మొదట్లో సిడ్నీ స్వాన్స్ ఆటగాళ్లు కూర్చుని తామెలా ఆడాలో తామే రాసుకున్నారు. ‘బ్లడ్స్’ అనే ఆ పద్ధతిలో ఒకరినొకరు మొహం మీదే నిలదీసుకోవడం ప్రధానం. ఎన్ని పొసెషన్లు తెచ్చుకున్నావన్న దానికంటే, సహచరుడికి అవసరమైనప్పుడు ఎక్కడున్నావన్న ప్రశ్నకు ఎక్కువ విలువ. కోచ్ పాల్ రూస్ హయాంలో 2005లో వాళ్లు వెస్ట్ కోస్ట్‌పై 58-54తో గెలిచారు. సౌత్ మెల్‌బోర్న్ పేరుతో ఆడిన 1933 తర్వాత ఆ క్లబ్బుకు అదే తొలి కప్పు, 72 ఏళ్లకు. వాళ్ల ఆట చూడటానికి అందంగా ఉండదని అప్పట్లో విమర్శలొచ్చాయి. ఉండదు, నిజమే.

రిచ్‌మండ్ కథ ఇంకాస్త ఆసక్తికరం. 2016లో 13వ స్థానం. 2017లో చాంపియన్. ఫార్వర్డ్ వరుసలో జాక్ రీవోల్ట్ ఒక్కడే అసలైన పొడగరి. అతని చుట్టూ డేనియల్ రియోలీ, డాన్ బట్లర్, జేసన్ కస్టానియా లాంటి చిన్న సైజు కుర్రాళ్లు. వాళ్ల పని గోల్స్ కొట్టడం కన్నా ప్రత్యర్థి డిఫెండర్లను ఊపిరి తీసుకోనివ్వకపోవడం. తరమడం, టాకిల్ చేయడం, బంతిని ముందుకు నెట్టడం. పట్టికలో అగ్రస్థానంలో ఉన్న అడిలైడ్‌ను ఫైనల్లో 108-60తో ఓడించారు. ఆ ఏడాది రిచ్‌మండ్ ఆటగాడు డస్టిన్ మార్టిన్ సీజన్‌లో ఉత్తమ ఆటగాడికిచ్చే బ్రౌన్‌లో మెడల్, ఫైనల్లో ఉత్తమ ఆటగాడికిచ్చే నార్మ్ స్మిత్ మెడల్, కప్పు మూడూ కొట్టాడు. స్టార్ ఒక్కడే గెలిపించాడని చెప్పడానికి ఇంతకంటే మంచి సాక్ష్యం దొరకదు అనిపిస్తుంది. నాకు మాత్రం తిరగేసి చదవాలనిపిస్తుంది. మార్టిన్‌కు అన్నిసార్లు ఖాళీ దొరికిందంటే, ఆ ఖాళీని తయారుచేసినవాళ్లు ఎవరు?

బ్రౌన్‌లో మెడల్ ఈ ప్రశ్న అడగదు. లీగ్ దశలో ప్రతి మ్యాచ్ తర్వాత ఫీల్డ్ అంపైర్లు కలిసి, ముగ్గురు ఆటగాళ్లకు 3, 2, 1 ఓట్లు వేస్తారు. అంపైర్లు బంతి దగ్గరే ఉంటారు కాబట్టి బంతి దగ్గరున్నవాళ్లే కళ్లకు ఆనుతారు. ఏళ్ల తరబడి ఆ పతకం దాదాపు మిడ్‌ఫీల్డర్ల సొంత ఆస్తిలా మారింది. 2024లో కార్ల్‌టన్ కెప్టెన్ ప్యాట్రిక్ క్రిప్స్ రికార్డు స్థాయిలో 45 ఓట్లు తెచ్చుకున్నాడు. గోల్డ్ కోస్ట్ తరఫున 2025లో గెలిచిన మ్యాట్ రోవెల్ టాకిళ్లకు పెట్టింది పేరు. అతనూ మిడ్‌ఫీల్డరే, పైగా టాకిల్ లెక్కలోకొచ్చే పని. క్లబ్బులు సొంతంగా ఇచ్చుకునే వార్షిక అవార్డుల్లో కథ వేరేలా ఉంటుంది. 2015లో రిచ్‌మండ్ తన ఉత్తమ ఆటగాడిగా ఎంచుకున్నది డిఫెండర్ అలెక్స్ రాన్స్‌ను. రోజూ దగ్గర నుంచి చూసేవాళ్లకు, పోటీ రోజు మాత్రమే చూసేవాళ్లకు ఉన్న తేడా అది.

ఇంతవరకు చెప్పింది విని అడ్డు నిలబడటం అంతా పుణ్యకార్యమే అనుకుంటే పొరపాటు. పాత రోజుల్లో షెపర్డ్ పేరుతో, అటు చూస్తున్నవాడిని ఇటు నుంచి వచ్చి భుజంతో పడగొట్టడం మామూలు. జనం దాన్ని మగతనంగా చూసి చప్పట్లు కొట్టేవాళ్లు. ఆ రోజులంటే నాకు ఎలాంటి మోజూ లేదు. తలకు దెబ్బలు తగిలి కెరీర్లు ముగిసిపోయిన ఆటగాళ్లను చూశాక లీగ్ వరసగా నిబంధనలు బిగించింది. భుజంతో ఢీకొట్టాలని, అంటే బంప్ చేయాలని ఎంచుకున్నవాడిదే, తలకు తగిలితే పూచీ. 2023 ఫైనల్స్‌లో మెల్‌బోర్న్ ఆటగాడు ఆంగస్ బ్రేషా కిక్‌ను ఆపడానికి ఎగిరిన కాలింగ్‌వుడ్ ఆటగాడు అతన్ని ఢీకొట్టాడు. ట్రిబ్యునల్ అతన్ని నిర్దోషిగా వదిలింది. బ్రేషా మాత్రం 2024 ఫిబ్రవరిలో వైద్యుల సలహాతో ఆటకు స్వస్తి చెప్పాల్సి వచ్చింది. తర్వాత ఎగిరి ఆపే ప్రయత్నాల మీదా బాధ్యత పెడుతూ నిబంధన మార్చారు. ఎగిరిన ఆ ఆటగాడు ఎవరో కాదు, 2018లో రియోలీ అడ్డుపడిన బ్రేడన్ మేనార్డే. జట్టు కోసం ఒళ్లు పడేయడం ఎంత గొప్పగా కనిపిస్తుందో, దాని ధర ఒక్కోసారి అవతలివాడు చెల్లిస్తాడు. ఈ మార్పును వ్యతిరేకించేవాళ్లతో నేను ఏకీభవించను.

ఇక రియోలీ బ్లాక్. గాల్లోని బంతి కోసం పోటీ జరిగేచోట, తాను బంతికి ప్రయత్నించకుండా ప్రత్యర్థిని ఆపితే ఫ్రీ కిక్ ఇవ్వాలి. నిబంధన అక్షరాన్ని పట్టుకుంటే కాలింగ్‌వుడ్ వైపు న్యాయం ఉందనే నా అభిప్రాయం. మేనార్డ్ అక్కడిదాకా చేరేవాడా అన్నదే అవతలివాళ్ల ఎదురు ప్రశ్న. అంపైర్ విజిల్ ఊదలేదు, ఆట సాగిపోయింది. ఇలాంటి బ్లాకులను ఫార్వర్డ్ కోచ్‌లు ముందే గీసి నేర్పిస్తారు కాబట్టి, మార్క్ కోసం పోటీపడేచోట అంపైర్లు ఇంకా కఠినంగా ఉండాలి. అదే సమయంలో నేల మీద, 5 మీటర్ల లోపు షెపర్డ్‌ను మాత్రం ముట్టుకోకూడదు. అది పోతే బంతి పట్టినవాడు ఒంటరివాడైపోతాడు. ఆట మొత్తం ఎవరికి వాళ్లు గుంపులో పడి కొట్టుకోవడంగా మిగులుతుంది.

ఈ పని నేర్పడం ఎప్పుడు మొదలవుతుందన్నది ఇప్పుడు తెలుగు ఇళ్లలోనూ అడగదగ్గ ప్రశ్నే. మెల్‌బోర్న్ పశ్చిమ శివార్లలో స్థిరపడిన మనవాళ్ల పిల్లలు స్కూల్లో ఓవల్ బంతితోనే స్నేహాలు చేసుకుంటున్నారు. బాగా చిన్న వయసులో టాకిల్, బంప్ లేకుండా ఆడిస్తారు. అది సరైన పద్ధతే. అయితే దానివల్ల పిల్లవాడికి మొదట అబ్బేది బంతి వెంట పరుగే, సాయం తర్వాతెప్పుడో వస్తుంది. గీత బయట నిలబడ్డ అమ్మానాన్నలు ఇంటికొచ్చే దారిలో అడిగేది కూడా ‘ఎన్ని గోల్స్ కొట్టావురా’ అనే. శరీరాలు తగిలించకుండానే నేర్పగలిగేవి ఉన్నాయి. సహచరుడికి కేక వేసి చెప్పడం, వెనకాల ఎవరున్నారో చూడటం, అతనికీ తరిమేవాడికీ మధ్యలోకి దారి చూసుకుని పరిగెత్తడం. వీటికి ఎనిమిదేళ్ల వయసు చాలు. కోచ్‌లు వారం వారం మ్యాచ్‌ను చదువుకునేది గోల్ స్తంభాల వెనక నుంచి తీసిన వీడియోతో. అందులో పద్దెనిమిది మందీ కనిపిస్తారు. అలాంటి వీడియోలో తమ పిల్లాడిని ఒక్కసారి చూస్తే చాలు, అమ్మానాన్నలు అడిగే ప్రశ్న మారుతుంది.