వరంగల్: మత్తడి నీటికి దారి ఎక్కడ?

2023 జులై చివర్లో భద్రకాళి చెరువు కట్టకు పోతననగర్ వైపు గండి పడింది. నీళ్లు తీశాక మునిగిన కాలనీల్లో ఇంటింటి ముందూ ఒకటే దృశ్యం: అరుగు మీద ఎండకు పరిచిన పిల్లల సర్టిఫికెట్లు, ఇంటి కాగితాలు, తడిసి ఉబ్బిన బియ్యం బస్తా, గోడపై నడుమెత్తున మట్టి చార. అంతకు మూడేళ్ల ముందు, 2020 ఆగస్టులోనూ నగరం ఇలాగే మునిగింది. 2025 అక్టోబరులో మొంథా తుపాను వానలకు మళ్లీ మునిగింది. ఆరేళ్లు తిరగకుండానే మూడుసార్లు వచ్చిన కష్టాన్ని భారీ వర్షం ఖాతాలో వేసి ఊరుకోవడం న్యాయం కాదు.

కాకతీయులు ఈ నేలకు ఇచ్చినవి విడివిడి చెరువులు కావు, గొలుసుకట్టు. ఎగువ చెరువు నిండితే మత్తడి, అంటే మిగులు నీరు పొర్లిపోయే అలుగు, దూకుతుంది, ఆ నీరు వాగు పట్టి దిగువ చెరువుకు చేరుతుంది. ఈ ఏర్పాటు నిలవాలంటే చెరువు ఒక్కటే మిగిలితే చాలదు, మత్తడి కింది వాగుకు దాని వెడల్పు దానికి ఉండాలి. ఎండాకాలంలో శిఖం భూమిలో, అంటే నీరు తగ్గాక తేలే చెరువు లోపలి నేలలో, పంట వేసుకున్న రైతు కూడా అక్కడ ఇల్లు కట్టలేదు, వానాకాలంలో ఆ నేల ఎవరిదో అతనికి తెలుసు. ఆ భూమి గజాల లెక్కన వెంచర్‌గా మారినప్పుడు ఆ తెలివిడి చేతులు మారలేదు. వాగు నాలా అయింది, నాలా మురుగుకాల్వంత అయింది.

వేగంగా పెరిగే మధ్యస్థాయి నగరాల చిక్కు ఇక్కడే ఉంది: భూమి ధర ముందు వస్తుంది, ప్రణాళిక చాలా వెనక వస్తుంది. 40కి పైగా గ్రామాలను కలుపుకొని 2015లో గ్రేటర్ హోదా పొందిన వరంగల్, 1972 నాటి మాస్టర్ ప్లాన్‌తోనే అర్ధ శతాబ్దం నెట్టుకొచ్చింది. 2041 ప్లాన్‌కు ఆమోదం దొరికింది 2024లో. జనాభా లెక్క ఇప్పటికీ 2011దే. ఈలోగా చెరువు నీటిపారుదల శాఖ చేతిలో, శిఖం రెవెన్యూ చేతిలో, లేఅవుట్ అనుమతి కాకతీయ పట్టణాభివృద్ధి సంస్థ (కుడా) చేతిలో, నాలా కార్పొరేషన్ చేతిలో ఉండిపోయాయి. పట్టణ స్థానిక సంస్థలకు అధికారాలు అప్పగించాలన్న 74వ రాజ్యాంగ సవరణ 1993లో అమల్లోకి వచ్చినా, పట్టణ ప్రణాళిక పూర్తిగా మున్సిపాలిటీ బాధ్యత కాలేదు. నీటికి మాత్రం ఈ శాఖల సరిహద్దులతో పని లేదు.

నిధులు అసలే రాలేదనలేము. 2016లో స్మార్ట్ సిటీగా ఎంపికయ్యాక కూడళ్లు, రోడ్లు మెరుగయ్యాయి. భద్రకాళి బండ్ మీద సాయంత్రం కుటుంబాలతో నడిచేవాళ్లను చూస్తే సంతోషంగానే ఉంటుంది. అయితే చెరువు అందానికి దొరికిన శ్రద్ధలో సగమైనా, ఆ చెరువు నిండితే నీరు పోయే దారికి దొరికి ఉండాల్సింది.

మొదట చేయాల్సిన పని ఖరీదైనది కాదు. ప్రతి మత్తడి నుంచి దిగువ చెరువు దాకా నీటి దారిని సర్వే నంబర్ల వారీగా గుర్తించి, నేల మీద హద్దురాళ్లు పాతి, ఆ పటాన్ని రిజిస్ట్రేషన్ కార్యాలయం గోడ మీద అంటించాలి. ప్లాటు కొనే చిరుద్యోగి అడ్వాన్సు ఇవ్వకముందే దాన్ని చూసుకోగలగాలి. 2020లో అనుమతి లేని లేఅవుట్ల క్రమబద్ధీకరణ పథకానికి (ఎల్‌ఆర్‌ఎస్) రాష్ట్రవ్యాప్తంగా 25 లక్షలకు పైగా దరఖాస్తులు వచ్చాయంటే, అలాంటి లేఅవుట్లలో ఎందరు తమ పొదుపును పెట్టారో అర్థమవుతుంది. నీటి దారిలో పడిన ప్లాటును రుసుము కట్టించుకుని క్రమబద్ధీకరించడం ఆ కుటుంబానికి మేలు చేయడం కాదు, దానికి బదులు వేరే చోట స్థలం ఇవ్వాలి. అమ్మినవాడిని వదిలేసి, కొన్నవాడి గోడ మీదికి మాత్రమే జేసీబీని పంపడం నాకు ఎప్పుడూ సమ్మతం కాదు.

ఇప్పుడు నగరం మామునూరు విమానాశ్రయం వైపు, గీసుగొండ, సంగెం మండలాల్లోని టెక్స్‌టైల్ పార్కు వైపు సాగుతోంది. అటువైపు చాలా చెరువుల కింద ఇంకా వరి నాట్లే పడుతున్నాయి, మత్తడి దూకితే నీరు పొలాల మీదుగానే పోతోంది. హద్దురాళ్లు పాతడం అక్కడి నుంచే, వచ్చే వానాకాలానికి ముందే మొదలుకావాలి.