ఎదురు పక్క ట్యాంకు నింపమని ఎవరు చెప్పారు?

‘ఓడ మునగకుండా ఉండాలంటే 5 సూత్రాలు, ప్రతి ట్రైనీ చదవాలి’ అనే మెసేజ్ ఈ వారంలో నాకు ఆరుసార్లు వచ్చింది. ముత్తుకూరు నుంచి ముగ్గురు, కావలి నుంచి ఇద్దరు, చివరికి సింగరాయకొండ నుంచి మా మేనల్లుడు పంపారు. వాడు వచ్చే నెల ఓడ ఎక్కుతున్నాడు. ‘నోట్సులో రాసుకున్నా మామా’ అన్నాడు. ఆ మాటతో ఇక ఊరుకోలేకపోయాను.

రేవుకు ఆనుకున్న పక్క పోర్ట్, సముద్రం వైపుది స్టార్‌బోర్డ్ అని మొదటి సూత్రం. తప్పు. బో, అంటే ఓడ ముందు భాగం వైపు ముఖం పెట్టి నిలబడితే ఎడమ చేతి పక్క పోర్ట్, కుడి చేతి పక్క స్టార్‌బోర్డ్. కృష్ణపట్నంలో ఓడను ఎటు తిప్పి కట్టినా అంతే.

ఓడ పక్కన గీసిన గీతలు పోర్టు ఫీజుల లెక్క కోసమని రెండోది. అదీ తప్పే. ఓడలో సరుకు మోతాదు మించకుండా 1876లో బ్రిటన్ చట్టం తప్పనిసరి చేసిన గుర్తు అది, బ్రిటన్ ఎంపీ శామ్యూల్ ప్లిమ్సోల్ పోరాటంతో వచ్చింది. మంచినీటికి, వేసవికి, చలికాలానికి వేరువేరు గీతలు ఎందుకున్నాయో ఫీజుల కథ చెప్పినవాళ్లు చెప్పాలి.

మూడోది, జీఎం (ఒరిగిన ఓడ తిరిగి లేచే బలానికి మీటర్లలో కొలత) ఎంత ఎక్కువైతే ఓడ అంత సేఫ్ అట. సగం నిజం. జీఎం మరీ తక్కువైతే ప్రమాదమే, కనీసం 0.15 మీటర్లు ఉండాలని అంతర్జాతీయ నియమం. కానీ 32 మీటర్ల వెడల్పున్న ఓడకు జీఎం 4 మీటర్లుంటే దాదాపు 13 సెకన్లకో ఊపు, 1 మీటరుంటే దాదాపు 26 సెకన్లకో ఊపు. మొదటిదాంట్లో ఓడ ఒరిగినంత విసురుగా లేస్తుంది, సరుకు కట్టిన లాషింగులు తెగుతాయి, డెక్కు మీద మనిషి నిలబడలేడు. అలాంటి ఓడను స్టిఫ్ అంటారు, ఎవరూ మెచ్చుకోలుగా అనరు.

ఇక నాలుగోది. నా కోపమంతా దీని మీదే. ‘అడుగు ట్యాంకుల్లో సగం నీళ్లున్నా చాలు, బరువు కిందే ఉంది కదా. ఓడ ఒరిగితే ఎదురు పక్క ట్యాంకు నింపండి, నిటారుగా లేస్తుంది.’ ఈ రెండు వాక్యాలు మనుషుల్ని చంపుతాయి.

నిండు కుండ తొణకదు అని మన ఇళ్లలో అందరూ అంటారు కదా, నిండని ట్యాంకులో నీళ్లు అలా తొణికి ఒక పక్కకు పారడమే ఫ్రీ సర్ఫేస్. మొన్న ఆదివారం మేనల్లుణ్ణి రొయ్యల చెరువు దగ్గరికి తీసుకెళ్లి, ఐసు పెట్టే థర్మాకోల్ పెట్టెను నీళ్లలో తేల్చాను. పైన అడ్డంగా పలక వేసి రెండు ఇటుకలు పెట్టాను. కదిపినా నిలబడింది. పెట్టెలో రెండు వేళ్ల లోతు నీళ్లు పోశాను. బరువు అడుగునే చేరింది కదా, అయినా వేలితో తాకగానే నీళ్లన్నీ ఒక పక్కకు పారి, ఇటుకలతో సహా ఒరిగిపోయింది. తర్వాత మధ్యలో పొడవునా థర్మాకోల్ ముక్క నిలబెట్టి, సందులు టేపుతో మూసి, అన్నే నీళ్లు పోశాను. ఈసారి నిలబడింది. నీళ్లిలా పారితే జీఎం తగ్గుతుంది. ట్యాంకును మధ్యకు రెండుగా చీలిస్తే ఈ నష్టం నాలుగో వంతుకు పడిపోతుంది. ట్యాంకు వెడల్పు రెట్టింపైతే ఎనిమిది రెట్లు పెరుగుతుంది. నీళ్లు కొంచెమా ఎక్కువా అన్నది పెద్దగా లెక్కలోకి రాదు. 1987 మార్చి 6న బెల్జియంలోని జీబ్రుగ్ బయట హెరాల్డ్ ఆఫ్ ఫ్రీ ఎంటర్‌ప్రైజ్ అనే ఫెర్రీ ముందు తలుపులు తెరిచి ఉంచి బయలుదేరింది. అడ్డు గోడల్లేని కార్ల డెక్కు మీదికి నీళ్లు చేరి, నిమిషాల్లో పక్కకు పడిపోయింది. 193 మంది పోయారు.

రెండో వాక్యం ఇంకా ఘోరం. ఓడ ఒరగడానికి కారణం రెండు రకాలు. ఒక పక్క బరువెక్కువైతే అది లిస్టు, దానికి ఎదురు పక్క నింపడం సరే. కానీ జీఎం సున్నా కిందికి పోయి ఒరిగితే అది లోల్. అప్పుడు ఎత్తున ఉన్న పక్క నింపారా, ఓడ లేచి నిటారు దగ్గర ఆగదు. ఆ విసురుతోనే అవతలికి పడుతుంది, మళ్లీ లేవకపోవచ్చు. లోల్‌లో ముందు పైబరువులు దించాలి, సగం ట్యాంకులు నిండుగా నింపాలి లేదా పూర్తిగా తోడాలి. మధ్య గోడ ఉన్న అడుగు ట్యాంకుల్లో కిందికి వాలిన పక్కదాన్ని ముందు నింపాలి. మొదట ఇంకాస్త ఒరుగుతుంది, టెన్షన్ పడతారు, అయినా అదే దారి. నేను క్యాడెట్‌గా ఉన్నప్పుడు ఎదురు పక్క వాల్వు మీద చెయ్యి వేశాను. చీఫ్ ఆఫీసర్ అరిచిన అరుపు ఇప్పటికీ చెవుల్లో ఉంది. మెసేజ్ రాసిన పెద్దమనిషి ఆ రోజు నా పక్కన ఉంటే ఏ వాల్వు తిప్పమనేవాడు?

ఐదో సూత్రం దగ్గర మాత్రం నేను తగ్గాలి. ‘మన బోటు సరంగుకు జీఎం తెలియదు, అయినా బోటును కాపాడతాడు’ అని రాశారు. నిజమే. జువ్వలదిన్నె దగ్గర నేను ఎక్కిన బోటులో సరంగు కాళ్లతోనే లెక్క కట్టాడు. ‘ఒరిగినాక లేవడానికి శానా సేపు పడతా ఉండాది అబ్బయ్యా, పైనున్న వలలు కిందికి దించండి’ అన్నాడు. ఊపు నెమ్మదిస్తే జీఎం తగ్గిందని మా పుస్తకాలు చెప్పేదీ ఇదే. ఆ మాట ఒక్కటి నోట్సులో ఉంచుకో, మిగతా నాలుగూ కొట్టెయ్యమని మేనల్లుడికి చెప్పాను. వాడు కొట్టేశాడు. మెసేజ్ ఇంకొకరికి పంపినవాళ్లు ఇదీ వాళ్లకే పంపండి.