చిలకను చంపుకున్న ఫకీరుకు ఒక ఉత్తరం

మహారాజశ్రీ యునైటెడ్ కింగ్‌డమ్ ఇండిపెండెన్స్ పార్టీ వారికి నమస్కారములు.

ఉభయకుశలోపరి అని మొదలుపెట్టడం మా ఉత్తరాల ఆనవాయితీయే గానీ, మీ కుశలం ఎలా ఉందో ఓట్ల లెక్కల్లో చదివి ఉన్నందువల్ల ఆ మాట విడిచి నేరుగా విషయానికి వస్తున్నాను.

బ్రిటన్‌ను ఐరోపా సమాఖ్య నుంచి బయటకు లాగడమే మీ పార్టీ ధ్యేయం. 1993లో మిమ్మల్ని స్థాపించిన చరిత్ర ఆచార్యులు ఆలన్ స్కెడ్ గారు, అందుకే ఐరోపా పార్లమెంటుకు ఎన్నికైనా అక్కడి కుర్చీలో కూర్చోరాదని నియమం పెట్టారు. 1997లో ఆయన పార్టీని వదిలి వెళ్లారు. వెనకే నియమమూ వెళ్లింది. 1999లో మీవారు ముగ్గురు గెలిచారు, ముగ్గురూ కూర్చున్నారు. వారిలో ఒకరైన నైజెల్ ఫరాజ్ గారు లేవడానికి ఇరవై ఏళ్లు పట్టింది, అదీ బ్రిటన్ ఐరోపా సమాఖ్య నుంచి బయటపడి, కూర్చోవడానికి అక్కడ కుర్చీయే లేకుండా పోయాక. మీ జెండా మీద పౌండు గుర్తు వెలుగుతుండగా మీవారి భత్యాలు యూరోల్లో అందడం గురించి నేనేమీ అనను; తిట్టిన ఇంట తినరాదని ఏ శాస్త్రంలోనూ లేదు.

అసలు చిత్రం మరొకటుంది. వెస్ట్‌మినిస్టర్, అంటే బ్రిటన్ సొంత పార్లమెంటు, ఎన్నికల్లో నియోజకవర్గానికి ఒక్కరే గెలుస్తారు కనుక ఓడినవారికి పడ్డ ఓట్లన్నీ గాలిలో కలిసిపోతాయి. ఐరోపా ఎన్నికల్లో మాత్రం 1999 నుంచి బ్రిటన్‌లోనూ ఓట్ల దామాషాలో సీట్లు పంచారు. ఆ పుణ్యాన 2014లో 24 సీట్లతో మీరు అందరికన్నా ముందు నిలిచారు. మరుసటి ఏడాది సొంత పార్లమెంటుకు పోటీ చేస్తే దాదాపు 39 లక్షల ఓట్లకు దక్కింది క్లాక్టన్ అనే ఒక్క సీటు. అక్కడ గెలిచిన డగ్లస్ కార్స్‌వెల్ గారు కూడా కన్సర్వేటివ్‌ల నుంచి వచ్చినవారే. మీరు ప్రాణప్రదంగా కొలిచిన పార్లమెంటు గడప దాటనివ్వకపోతే, పరాయి పెత్తనమని మీరు దుమ్మెత్తిపోసిన సభ పీట వేసి, మైకు ఇచ్చి, జీతమిచ్చి పోషించింది.

మాయల ఫకీరు ప్రాణం చిలకలో ఉండేదని, దాన్ని పట్టడానికి బాలవర్ధి ఏడు సముద్రాలు దాటవలసి వచ్చిందని మా వైపు పిల్లలకు కూడా తెలుసు. మీ చిలక ఉన్నది ఐరోపా సమాఖ్య కొలువుండే బ్రస్సెల్స్‌లో. 2016 జూన్ 23న సమాఖ్యను వీడాలా వద్దా అన్న ప్రజాభిప్రాయ సేకరణలో వీడాలన్న 51.9 శాతం ఓట్లతో దాని మెడ విరిచినప్పుడు ముందు నడిచి డప్పు కొట్టింది మీరే. సరిగ్గా పదకొండో రోజున ఫరాజ్ గారు నాయకత్వం వదులుకున్నారు. వారసురాలు డయాన్ జేమ్స్ గారు 18 రోజులకే తప్పుకున్నారు. మా అయ్యప్ప దీక్షకైనా 41 రోజులు పడుతుంది. 2017 సార్వత్రిక ఎన్నికల్లో మీకు మిగిలింది 1.8 శాతం ఓట్లు, సున్నా సీట్లు.

మధ్యలో ఒక బాకీ. తూర్పు ఐరోపావారికన్నా భారతీయులు, ఆస్ట్రేలియావారు మేలని 2015లో ఫరాజ్ గారు సెలవిచ్చారు. ఆ మాట మన్నించినట్టుగా మా తెలుగు పిల్లలు వేలాదిగా చదువుల వీసాల మీద దిగారు. మీ స్వాగతపత్రం మాత్రం ఇంకా అందలేదు.

చివరగా, ఫరాజ్ గారు 2024లో ఎనిమిదో ప్రయత్నంలో వెస్ట్‌మినిస్టర్ చేరారు. గెలిచింది మీ పాత క్లాక్టన్‌లోనే, కాకపోతే వేరే పార్టీ టికెట్ మీద.

ఇట్లు,
వీసా స్టాంపు కోసం వరుసలో నిలబడిన ఒక విధేయుడు