ఇచ్ఛాపురం అవతల దింపేస్తే సరిపోతుందా?

ఆ మెసేజ్ ఇవాళ నాకు నాలుగోసారి వచ్చింది. మొదట మా తోడల్లుడు, తర్వాత అపార్ట్‌మెంట్ గ్రూపు, ఆ తర్వాత టెన్త్ బ్యాచ్, చివరికి మావయ్య. ‘బరంపురాన్ని కాపాడుకుందాం’ అని మొదలవుతుంది, మా ఒడిశా బరంపురమే, చివర వరసగా దండాల బొమ్మలు. విషయం ఏమిటంటే రోడ్ల మీద పడుకునేవాళ్లంతా సోమరులు, బయటివాళ్లు, బ్యాంకుల్లో లక్షలున్నవాళ్లు, అడ్రస్ లేకపోయినా ఓట్లు సంపాదించినవాళ్లు. షెల్టర్ కట్టినా వెళ్లరు, ఇల్లిస్తామన్నా తీసుకోరు. కాబట్టి రాత్రికి రాత్రి వ్యాన్ ఎక్కించి, ఆంధ్రా సరిహద్దు దాటించి, ఇచ్ఛాపురం అవతల దింపేయాలి. ‘ఇది నీ పనే కదా, నువ్వేమంటావు’ అని మావయ్య కింద రాశాడు. ఇక్కడే గంజాం జిల్లాలో ఒక మునిసిపల్ ఆఫీసులో ఇల్లు లేనివాళ్ల పని మీదే ఉన్నాను కాబట్టి అంటున్నాను.

బ్యాంకులో లక్షలట. ఒక్కో మనిషికి ఖాతా తెరిపించడానికి నేను నెలల తరబడి తిరుగుతున్నాను. ఆ లక్షలు ఏ బ్రాంచిలో వేస్తున్నారో చెబితే నాకు పని తగ్గుతుంది.

సోమరులట. తెల్లవారుజామున బడాబజార్లో లారీల సరుకు దించేదెవరు? పెళ్లిలో మీరు తిని వదిలేసిన గిన్నెలు తోమేదెవరు? ప్రభుత్వం పెట్టే అయిదు రూపాయల ‘ఆహార్’ భోజనం వీళ్లని చెడగొట్టిందట. ఆ డాల్మా (కూరగాయలు వేసిన పప్పు) లైన్లో నేనూ నిలబడ్డాను, ఇంకా చెడిపోలేదు.

ఓటు సంగతి ఒక్క ముక్కలో చెప్తాను. అడ్రస్ కాగితం లేకపోయినా ఓటు నమోదుకి పెట్టే ఫారం 6లో రాసిన చోటికి బీఎల్వో (బూత్ స్థాయి ఎన్నికల అధికారి) రాత్రిపూట వెళ్లి, ఒకటి కన్నా ఎక్కువ రాత్రులు, ఆ మనిషి నిజంగా అక్కడే పడుకుంటున్నాడో లేదో చూడాలి. ఎన్నికల సంఘం పెట్టిన పద్ధతే అది. మీ ఇంటికి రాత్రిపూట ఎవరైనా వచ్చి చూశారా?

బయటివాళ్లు అన్న మాట గంజాం వాళ్లు అనడమే నాకు వింత. సూరత్ మరమగ్గాల దగ్గర పగటి షిఫ్టువాడు లేచిన చాప మీద రాత్రి షిఫ్టువాడు పడుకుంటాడు, ఇద్దరూ మన జిల్లావాళ్లే. 2020 మేలో లాక్‌డౌన్ శ్రామిక్ రైళ్లలో వచ్చి దిగింది ఎవరి పిల్లలు? వాళ్లని అక్కడివాళ్లు బయటివాళ్లంటే మనకు కోపం వస్తుంది, ఇక్కడ మనం అంటే నగర సేవ అవుతుంది.

ఇక వ్యాన్. దీన్ని జోక్ అని వదిలేద్దామనుకున్నాను గానీ, కింద నలభై మంది బొటనవేళ్లు పెట్టారు. స్టేషన్ వైపు ఒక పెద్దామె ఉండేది, తెలుగే మాట్లాడేది, సోంపేట దగ్గర ఊరంది. మతి నిలకడకి వేసుకునే మాత్రల పొట్లం టీ కొట్టాయన గల్లాపెట్టెలో ఉండేది, రోజూ ఒక బన్ను ఇచ్చి దగ్గరుండి మింగించేవాడు. ఒక పండగ ముందు ఎవరో ఆమెను ఎక్కించుకుపోయి ఎక్కడో దింపేశారు. పదకొండు రోజులకు నడిచి వచ్చింది. సంచీ లేదు, అందులో ఉన్న ఆధార్ రసీదు లేదు, ఆస్పత్రి చీటీ లేదు, టీ కొట్టాయన ఎవరో గుర్తు లేదు. పింఛను దరఖాస్తు దాకా వచ్చిన పని మళ్లీ మొదటికి. ‘ఊరు శుభ్రం’ అంటే ఇదే. అలా మతి స్థిమితం లేక తిరిగే మనిషి కనిపిస్తే పోలీసులు 24 గంటల్లోపు ప్రభుత్వాసుపత్రికి తీసుకెళ్లాలి, ఇల్లు వాకిలి లేకపోతే తప్పిపోయినట్టు కేసు రాసి ఇంటివాళ్లను వెతకాలి అని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 100వ సెక్షన్ చెబుతోంది. సరిహద్దు దాటించమని ఏ సెక్షనూ చెప్పదు. పైగా ఇచ్ఛాపురంలోనూ ఫోన్లున్నాయి, వాళ్లకీ ఈ మెసేజ్ వెళ్తుంది. రెండు వ్యాన్లు హైవే మీద ఎదురుపడితే డ్రైవర్లు దండాలు పెట్టుకుని మనుషుల్ని మార్చుకుంటారా?

ఇల్లు తీసుకోరట. పీఎం ఆవాస్‌లో ఇల్లు కట్టుకోడానికి డబ్బు రావాలంటే సొంత స్థలం చూపించాలి. 2017లో మన రాష్ట్రం తెచ్చిన పట్టా చట్టం బస్తీలో గుడిసె ఉన్నవాళ్లకి. ఫుట్‌పాత్‌కి పట్టా ఎవరిస్తారు?

షెల్టర్ ఖాళీగా ఉంటుందన్నది మాత్రం నిజం. ఇది నేను ఒప్పుకుంటానని మావయ్య అనుకుని ఉండడు. లక్ష జనాభాకి ఒక షెల్టర్, మనిషికి 50 చదరపు అడుగులు అని షెల్టర్ల పథకం కాగితాల్లో రాశారు, బాగానే ఉంది. నేను రాత్రి వెళ్లి చూస్తే సగం మంచాలు ఖాళీ. రిక్షా లోపలికి రానివ్వం, బయట పెడితే పొద్దునకి ఉండదు, అందుకని రిక్షా అతను రిక్షాలోనే పడుకుంటాడు. మొగుడూ పెళ్లాలు వస్తే ఆయన్ని ఒక హాల్లోకి, ఆమెను ఇంకో హాల్లోకి పొమ్మంటాం. పదింటికి గేటు వేసేస్తాం, క్యాటరింగ్ వాళ్ల పని తెమిలేసరికి ఒంటిగంట. నల్లుల సంగతి చెప్పను. రిక్షాలకి ఒక గొలుసు, తాళం కావాలని రాసి ఎనిమిది నెలలైంది, ఫైలు తిరుగుతోంది.

మెసేజ్‌లో ఆఖరి లైను, దండాల బొమ్మల పైన: ‘మునిసిపాలిటీ వాళ్లు ఫోటో కోసం దుప్పట్లు పంచుతారు’. అదీ నిజమే. కింద పెట్టిన ఫోటోలో ఎడమ నుంచి మూడోవాణ్ణి నేనే.