రంపం బీరువాలో భద్రం

ప్రభుత్వ ఉన్నత పాఠశాలకు వచ్చిన రంపం ముందుగా స్టాకు రిజిస్టరులోకి ఎక్కుతుంది. అప్పటి నుంచి దాని బాగోగులకు ప్రధానోపాధ్యాయుడే పూచీ. పళ్లు మొండిబారినా, పిడి ఊడినా, తనిఖీ నాడు లెక్కకు తగ్గినా సంజాయిషీ ఇచ్చుకోవలసింది ఆయనే. అదే రంపం ఎవరూ ముట్టుకోక బీరువాలో తుప్పు పట్టిపోతే లెక్క సరిగ్గా సరిపోతుంది. మన బడుల్లో చేతిపని చదువు ఎందుకు నిలదొక్కుకోదో చెప్పడానికి ఇంతకన్నా పెద్ద సిద్ధాంతం నాకు అవసరం అనిపించలేదు.

విధానాలకేమీ కొదవ లేదు. పని చుట్టూనే చదువును అల్లాలని 1937లో వార్ధాలో గాంధీజీ ప్రతిపాదించారు. 1964-66 నాటి కొఠారీ కమిషన్ దాన్ని పని అనుభవం అంది. 1977లో ఈశ్వర్‌భాయ్ పటేల్ కమిటీ సామాజికోపయోగ ఉత్పాదక కార్యమని ఇంకాస్త బరువైన పేరు పెట్టింది. 1986 విధానమైతే పదో తరగతి దాటినవారిలో 1990 నాటికి 10 శాతాన్ని, 1995 నాటికి 25 శాతాన్ని వృత్తి కోర్సుల్లోకి తెస్తానంది. 2025 నాటికి కనీసం సగం మంది విద్యార్థులకు వృత్తి విద్యతో పరిచయం కావాలన్నది 2020 జాతీయ విద్యా విధానం. ఆ గడువూ గడిచిపోయింది. ఇన్ని పేర్లు మారినా బీరువా తాళంచెవి మాత్రం చేతులు మారలేదు.

పని నేర్చుకోవడమంటే ముందు కొంత సామాను పాడుచేయడం. కొత్తగా ఉలి పట్టినవాడు నాలుగు చెక్కలు చీల్చనిదే అయిదోది తిన్నగా రాదు. హాక్సా బ్లేడు విరుగుతుంది, డ్రిల్ బిట్టు అరుగుతుంది, సోల్డరింగ్ ఐరన్ మొన కాలిపోతుంది. సైన్సు ప్రయోగశాలలో ఆమ్లం అయిపోతే ఎక్కడికి పోయిందని ఎవరూ అడగరు కదా, ఈ తరుగునూ అలాగే చూడాలి. ఏ తరగతికి ఏడాదికి ఎంత తరుగు పోవచ్చో ముందే రాసిపెట్టి, ఏమాత్రం తరుగు లేని బడినే సంజాయిషీ అడగాలి. పిల్లలు బడిలోనే పరికరాలు తయారుచేసి చూసేందుకు కేంద్రం పెట్టిన అటల్ టింకరింగ్ ల్యాబుల పథకంలో ఈ ఎరుక కొంత కనిపిస్తుంది: బడికిచ్చే 20 లక్షల రూపాయల్లో సగం ల్యాబు ఏర్పాటుకు, మిగతా సగం అయిదేళ్ల నిర్వహణకు. ప్రభుత్వ పాఠశాలల్లో అయిదేళ్లలో అలాంటివి 50,000 పెడతామని 2025-26 కేంద్ర బడ్జెట్ ప్రకటించింది. త్రీడీ ప్రింటరుకు దక్కిన ఈ ఉదారత వడ్రంగి చిత్రికకు ఎందుకు దక్కలేదో!

తరుగు కన్నా పెద్ద భయం ఇంకొకటి ఉంది. పిల్లవాడి వేలు తెగితే? పద్నాలుగు నిండి పద్దెనిమిది నిండనివారిని ప్రమాదకరమైన పనుల్లో పెట్టకూడదని 2016లో సవరించిన బాలకార్మిక చట్టం చెబుతుంది. బడిలో రంపం పట్టించడం ఆ కోవలోకి రాదు. అయినా ఊళ్లో గొడవ జరిగిన రోజున చట్టం చదివి వినిపించే అవకాశం ప్రధానోపాధ్యాయుడికి దొరకదు. అందుకే ఆయన పాఠం చెప్పించి, బొమ్మ గీయించి ఊరుకుంటారు. ఆయనను తప్పుపట్టలేం. ఏ తరగతిలో ఏ పనిముట్టు ఇవ్వవచ్చు, ఒక బోధకుడి దగ్గర ఎందరు పిల్లలుండాలి, దెబ్బ తగిలితే వైద్యం ఖర్చు ఎవరిది అన్న మూడు ముక్కలు ప్రభుత్వ ఉత్తర్వులో ఉంటే బీరువా సగం తెరుచుకున్నట్టే.

నేర్పేవారి సంగతి చూద్దాం. ఆరు నుంచి ఎనిమిది తరగతుల్లో వంద మందికి మించి పిల్లలుంటే కళలకు, వ్యాయామానికి, పని విద్యకు పార్ట్‌టైమ్ బోధకులు ఉండాలని 2009 విద్యాహక్కు చట్టం షెడ్యూలు చెబుతుంది. లెక్కలకు పూర్తికాలం, చేతులకు అరకాలం అని చట్టమే తేల్చేసిందన్నమాట. తొమ్మిది, పది తరగతుల వృత్తి శిక్షకులను చాలా రాష్ట్రాలు ఏజెన్సీల ద్వారా తీసుకుంటున్నాయి. స్థానిక నిపుణులను ప్రత్యేక బోధకులుగా పిలవవచ్చని 2020 విధానం అంటోంది. మంచిదే. కానీ ఊరి వడ్రంగికి పదో తరగతి పత్రం లేకపోతే ఏ పద్దు కింద చెల్లించాలో బిల్లు పెట్టే గుమాస్తాకు ఎవరూ చెప్పలేదు.

ఇక్కడ కులం సంగతి దాటవేయలేం. గ్రామీణ ప్రాథమిక బడుల్లో చదువును సగానికి కుదించి, మిగతా పూట ఇంటి వృత్తి నేర్చుకోమన్న రాజాజీ పథకం 1953లో మద్రాసు రాష్ట్రంలో కులవిద్యగా పేరుపడింది. మరుసటి ఏడాదే పోయింది. మా పని మా పిల్లలకు వద్దనే బడికి పంపుతున్నామనే తల్లిదండ్రుల మాటకు ఈ చరిత్ర ఉంది. కాబట్టి పిల్లలందరూ అన్ని పనుల దగ్గరా వంతులవారీగా కూర్చోవాలన్నది ఐచ్ఛికం కాకూడదు. అర్చకుడి కొడుకు తోలు కుట్టాలి, చర్మకారుడి కూతురు సర్క్యూటు కలపాలి. సీబీఎస్‌ఈ పదో తరగతిలో లెక్కల్లోనో సైన్సులోనో తప్పితే ఆ స్థానంలో నైపుణ్య సబ్జెక్టును లెక్కిస్తారు. విద్యార్థికి అది మేలే, కానీ చేతిపని అంటే చదువు రానివారికే అన్న ముద్ర దానివల్ల ఇంకా గట్టిపడుతుంది.

చివరగా టైంటేబుల్. నలభై అయిదు నిమిషాల పీరియడ్లో పనిముట్లు పంచి, చెక్క బిగించి, మళ్లీ ఊడ్చి సర్దేసరికి గంట కొడతారు. వారానికి ఒకసారైనా రెండు పీరియడ్లు వరుసగా ఉండాలి. లెక్కల మాస్టారు అడిగినా వాటిని ఇవ్వకూడదని కూడా ఉత్తర్వులోనే రాయాలి, ఎందుకంటే జనవరి వచ్చిందంటే ఆయన అడుగుతారు.