ముందు ఆ బోర్డు దింపండి

బెంగళూరులో మహదేవపుర వైపు, తెలుగు కుటుంబాలు ఎక్కువగా ఉండే ఒక అపార్ట్‌మెంట్ సముదాయం. మొన్న ఆదివారం పొద్దున అక్కడి క్లబ్‌హౌస్‌లో పిల్లల ఊబకాయంపై అవగాహన శిబిరం పెట్టారు. బరువు తూచారు, నడుము కొలిచారు, పేరుపేరునా కార్డులు రాసిచ్చారు. అయిపోయాక తలా ఒక మామిడి జ్యూస్ డబ్బా, ఒక క్రీమ్ బిస్కెట్ల ప్యాకెట్ చేతిలో పెట్టి పంపారు. పిల్లలు బయటికొచ్చి పచ్చికలో బంతి వేసుకున్నారో లేదో, వాచ్‌మన్ ఈల ఊదాడు. అక్కడ బోర్డుంది: బంతాటలు నిషిద్ధం, కాదంటే ఐదు వందల జరిమానా. పిల్లాడి చేతిలో కార్డు మీద ఏ నివాసుల సంఘం ముద్ర ఉందో, ఆ బోర్డు కిందా అదే సంఘం ముద్ర.

ఆ ఒక్క సముదాయాన్ని ఆడిపోసుకుని లాభం లేదు. నగరమంతా ఇదే వేషం. 2024లో పార్కులను ఉదయం 5 నుంచి రాత్రి 10 దాకా తెరిచి ఉంచాలని పాలికె, అంటే నగరపాలక సంస్థ, చెప్పింది. సంతోషం. గేటు తెరుచుకుంది గానీ, లోపల ‘ఆటలు ఆడరాదు’ అన్న పలక చాలాచోట్ల అలాగే ఉంది. నడక దారి పెద్దలది, బెంచీ పెద్దలది, నవ్వుల క్లబ్బు పెద్దలది. పదేళ్ల పిల్లాడికి మిగిలింది సెల్లార్‌లో రెండు కార్ల మధ్య సందు. అక్కడా కారుకు గీత పడితే పంచాయితీ.

బడి దగ్గరికి వెళ్దాం. 2025 మేలో సీబీఎస్‌ఈ తన పాఠశాలలన్నింటినీ ‘షుగర్ బోర్డులు’, అంటే ఏ తిండిలో ఎంత చక్కెర ఉందో చెప్పే పలకలు, పెట్టమంది. నాలుగు నుంచి పదేళ్ల పిల్లలు తీసుకునే కేలరీల్లో చక్కెర వాటా 13 శాతం ఉంటోందని, అది 5 శాతం దాటకూడదని ఆ ఉత్తర్వే చెప్పింది. మంచి మాటే. మధ్యాహ్నం మూడున్నరకు ఏ బడి గేటు దగ్గరైనా ఒక పావుగంట నిలబడి చూడండి. ఎదురుగా బేకరీ, పక్కన కాండిమెంట్స్ కొట్టు. ఐదు, పది రూపాయల చిప్స్ ప్యాకెట్లు తోరణాల్లా వేలాడుతుంటాయి. కాగితం ముక్కలో ఎగ్ పఫ్, ఆ కాగితం మీద నూనె మరక. తోడుగా కూల్‌డ్రింకు. మామూలు కోలా 300 మిల్లీలీటర్లు తాగితే 30 గ్రాములకు పైగా చక్కెర లోపలికి పోయినట్టే. లోపల గోడ మీద షుగర్ బోర్డు, బయట కొట్టు మీద కూల్‌డ్రింకు కంపెనీ రాయించిచ్చిన బోర్డు. రెండో బోర్డే పెద్దది, రాత్రి లైటు కూడా వెలుగుతుంది.

కొవ్వు, ఉప్పు, చక్కెర ఎక్కువగా ఉన్న తినుబండారాలను బడిలోనూ, బడి గేటు నుంచి 50 మీటర్ల లోపలా అమ్మకూడదని, వాటికి ప్రచారం చేయకూడదని ఆహార భద్రత ప్రాధికార సంస్థ 2020లోనే నిబంధన తెచ్చింది. 2021 జులై నుంచి అది అమల్లో ఉంది. పిల్లల నడుములు కొలవడానికి దొరికిన టేపు ఈ 50 మీటర్లు కొలవడానికి ఎందుకు దొరకడం లేదు?

ఢిల్లీ వేషం ఇంకా ముచ్చటైనది. నూనె తగ్గించండి, ఒళ్లు తగ్గించండి అని 2025 ఫిబ్రవరిలో ప్రధాని ‘మన్ కీ బాత్’లో చెప్పారు. ఆ సెప్టెంబరులోనే బిస్కెట్లు, చాక్లెట్లు, ఐస్‌క్రీం మీద జీఎస్టీ 18 నుంచి 5 శాతానికి దిగింది.

పెద్దవాళ్లకు ప్రశాంతత వద్దా, బంతి తగిలి ముసలాయన కళ్లద్దాలు పగిలితే జవాబుదారీ ఎవరు అని సంఘాలు అడుగుతాయి. తిండి ఎవరింటి వ్యవహారం వాళ్లదనే వాదనా ఉంది. సరే, విన్నాం. వేళలు పంచుకుంటే తీరే తగువుకు నిషేధం దేనికి? ఇంటి వ్యవహారమే అయితే క్లబ్‌హౌస్‌లో శిబిరం దేనికి?

ఊరు మొత్తం పూనుకున్నచోట ఫలితం కనిపించింది. అమెరికాలో బోస్టన్ పక్కనున్న సోమర్‌విల్ పట్టణంలో 2002 నుంచి మూడేళ్లు బడి వంటవాళ్లు, హోటళ్లవాళ్లు, నగరపాలక సిబ్బంది కలిసి పనిచేశారు. బడికి నడిచి వెళ్లే దారులు బాగుచేశారు. పోల్చి చూసిన పట్టణాలకంటే అక్కడి పిల్లల్లో అధిక బరువు మొదటి ఏడాదే కాస్త అదుపులోకి వచ్చింది. ఆమ్‌స్టర్‌డామ్‌లో 2012లో 21 శాతం ఉన్న అధిక బరువు పిల్లలు 2015 నాటికి 18.5 శాతానికి తగ్గారు. ఫాస్ట్‌ఫుడ్ కంపెనీల డబ్బుతో జరిగే వేడుకల్లో భాగం కాబోమని ఆ నగరపాలక సంస్థ తేల్చి చెప్పింది. మన దగ్గర సంక్రాంతి ముగ్గుల పోటీకీ, ఉగాది సంబరాలకూ స్పాన్సర్ ఎవరో బ్యానర్ మీద చూసుకోండి. తినుబండారాల ప్రకటనలు ఈ పత్రికా వేసుకుంది, కాబట్టి మాకూ తగలాల్సిన మాటే ఇది.

ఇది డబ్బున్నవాళ్ల జబ్బు అని తేలిగ్గా తీసేయకండి. అదే సముదాయం పక్కన రేకుల షెడ్లలో ఉండే మేస్త్రీ కొడుకూ ఆ ఐదు రూపాయల ప్యాకెట్టే కొంటాడు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే అయిదో విడత ప్రకారం కర్ణాటకలో ఐదేళ్లలోపు పిల్లల్లో 35.4 శాతం మంది సరైన పోషణ లేక వయసుకు తగ్గ ఎత్తు లేరు. మరోవైపు దేశంలో అదే వయసులో అధిక బరువు పిల్లలు 2.1 నుంచి 3.4 శాతానికి పెరిగారు.

కడప నుంచో నెల్లూరు నుంచో మూడు నెలలకని వచ్చిన నాయనమ్మ మీదికి తప్పు నెట్టేవాళ్లూ ఉన్నారు. ‘చిక్కిపోయాడే’ అని ఆమె కలిపి పెట్టే పప్పన్నం ముద్ద కాదు ఇక్కడ దోషి. ఆ ముద్ద తిని వీధిలోకి పరిగెత్తిన తరం ఆమె పెంచిందే. ఇప్పుడు వీధి లేదు, పద్నాలుగో అంతస్తు ఉంది.

అడుగుదామంటే కార్పొరేటర్ ఏడి? 2020 సెప్టెంబరులో పాలకమండలి గడువు ముగిశాక ఐదేళ్లు ఎన్నికలే జరగలేదు. 2025 సెప్టెంబరులో ఒక పాలికె ఐదైంది. పేర్లు మారాయి, పార్కు పలకలు మారలేదు.

సంఘాల కార్యదర్శులకు, కమిటీ సభ్యులకు ఒక్క మాట. వచ్చే ఆదివారం మీ సమావేశంలో సాయంత్రం రెండు గంటలు పచ్చిక పిల్లలకు వదులుతామని తీర్మానం రాసి, ఆ బోర్డు దింపండి. అది చేతకాకపోతే బరువు తూచే మిషన్ పట్టుకుని పిల్లల ముందుకు మళ్లీ రాకండి. మీ పుణ్యాన కదలకుండా కూర్చున్న పిల్లాడికి, ‘లావు’ అని మళ్లీ మీరే కార్డు రాసివ్వడానికి సిగ్గుండాలి.