ఆరు వేలు గోవిందా

ఆరు వేల రూపాయల్లో మొదటి మాండొలిన్ కొనాలనుకునేవారికి నేను ఇవ్వగలిగిన సలహా ఒక్కటే. దుకాణానికి బావమరిదిని వెంటబెట్టుకుని వెళ్లకండి. వెళ్లక తప్పకపోతే, వాద్యాన్ని అతని చేతిలో పెట్టి ఏటీఎంకు మాత్రం పోకండి.

మాండొలినే ఎందుకని అడిగితే నా దగ్గర గొప్ప జవాబేమీ లేదు. వీణ నేర్చుకుందామంటే ఇంట్లో దాన్ని పెట్టే చోటు లేదు. వయొలిన్ అంటే కింది వాటావారు ఒప్పుకోరు. మాండొలిన్ అయితే బీరువా పక్కన పడి ఉంటుంది. పైగా రాత్రిళ్లు ఫోనులో మాండొలిన్ శ్రీనివాస్ కచేరీలు వినీ వినీ బుర్ర పాడైంది. 1969లో పాలకొల్లులో పుట్టిన ఆ మహానుభావుడు చిన్నతనంలోనే తండ్రిగారి మాండొలిన్ అందుకున్నారు. మా నాన్నగారి దగ్గర రేడియో ఉండేది, దాన్ని ఎవరినీ ముట్టుకోనిచ్చేవారు కాదు. ఆ లోటును ఇప్పుడు నా సొంత డబ్బుతో, అంటే మా ఆవిడ మంజూరు చేసిన ఆరు వేలతో, తీర్చుకుందామనుకున్నాను.

కొనే ముందు బాగానే చదివాను. శ్రీనివాస్ గారు వాయించింది ఒంటి తీగల ఎలక్ట్రిక్ మాండొలిన్. దుకాణాల్లో మామూలుగా దొరికేది ఎనిమిది తీగలది, రెండేసి చొప్పున నాలుగు జతలు, శ్రుతి పాశ్చాత్య వయొలిన్‌కు మల్లే జి, డి, ఎ, ఇ. భుజం దగ్గర చుట్ట తిరిగిన చెక్కడం ఉన్న రకం చూడముచ్చటగా ఉంటుంది కానీ, తక్కువ ధరలో అది కొంటే మన డబ్బంతా ఆ చెక్కడానికే పోతుంది, నాదం కోసం మిగలదు. కాబట్టి నీటిబొట్టు ఆకారంలో ఉండే సాదా రకమే మేలు. తీగలు మెట్లకు, అంటే మెడ మీద అడ్డంగా ఉండే లోహపు పట్టీలకు, మరీ ఎత్తున ఉంటే వేళ్లు తెగుతాయి. తీగలు బిగించే బిరడాలు జారకూడదు. అన్నిటికన్నా ముఖ్యమైనది బ్రిడ్జి, తీగలను ఎత్తి నిలిపే చెక్క ముక్క. దాన్ని చెక్కకు అంటించరు, తీగల ఒత్తిడికే అది నిలబడుతుంది. మెడ పైకొసన తీగలు ఆనుకునే సన్నటి పట్టీ, అదే నట్టు, అక్కడి నుంచి పన్నెండో మెట్టుకు ఎంత దూరమో, ఆ మెట్టు నుంచి బ్రిడ్జికి అంతే దూరం ఉండాలి. సుమారు 7 అంగుళాలు, ఆపైన వెంట్రుకవాసి. అటూ ఇటూ జరిపి సరిచూసుకుంటేనే పన్నెండో మెట్టు మీద పై షడ్జమం, అంటే ఖాళీ తీగ పలికే స ఒక స్థాయి పైన, కచ్చితంగా పలుకుతుంది. ఇదంతా మా ఇంట్లో అందరికీ కంఠతా వచ్చేసింది, పాపం, వాళ్లు అడక్కపోయినా.

దుకాణం తిరుపతి టౌన్లో ఒక సందులో ఉంది. పేరు చెప్పను, ఆయనతో నాకింకా పని ఉంది. హార్మోనియంలు, డోలక్‌లు, చిడతలు, కంచు తాళాలు గుట్టలుగా పేర్చి ఉన్నాయి. కొండకు నడిచి వెళ్లే భజన బృందాలే ఆ దుకాణానికి పెద్ద ఖాతాదారులు. మాండొలిన్ మాత్రం ఒక్కటే ఉంది. పైన వయొలిన్ల వరస చివర, ఎప్పటి నుంచో దుమ్ము పట్టి వేలాడుతోంది. ఏది ఎంచుకోవాలా అని నెలల తరబడి చదివినవాడికి ఎంచుకునే శ్రమ లేకుండా పోయింది. అదృష్టవశాత్తూ అది సాదా రకమే.

పాత బండి ఒకటి చవకగా కొన్నప్పటి నుంచి మా బావమరిది ప్రపంచంలోని ప్రతి వస్తువునూ పరీక్షించగలడు. మాండొలిన్ అందుకుని, పుచ్చకాయను తట్టి చూసినట్టు దాని వీపు తట్టి, చెవి దగ్గర పెట్టుకుని, "సరుకు మంచిదే బావా" అని తేల్చేశాడు. నా పరీక్ష అంతకన్నా ఉన్నతమైనది. జేబులోంచి టేపు తీసి కొలిచాను. తీగలు కాస్త వదులు చేసి, బ్రిడ్జిని రవ్వంత వెనక్కి జరిపి, మళ్లీ బిగించి మీటాను. పన్నెండో మెట్టు మీద పై షడ్జమం ఖంగుమంది. యజమాని బ్రిడ్జి వైపు ఒకసారి, నా వైపు ఒకసారి కళ్లు చిట్లించి చూశారు. నా విద్వత్తుకు అది మెచ్చుకోలు అనుకున్నాను.

ఆయన 6,500 అన్నారు, 6,000కు దిగారు. ఫోనులో డబ్బు పంపబోతే తెరమీద చక్రం తిరుగుతూనే ఉంది. బ్యాంకు సర్వర్ పనిచేయడం లేదట. మొదటి ఏటీఎంలో నగదు లేదు, రెండోదాని ముందు వరస. ఆ బ్యాంకు గురించి వేరే రాస్తాను.

తిరిగి వచ్చేసరికి దుకాణం నిండా పసుపు బట్టలు. తాళాలు కొనడానికి వచ్చిన భజన బృందం. కానీ తాళాలను ఎవరూ చూడటం లేదు. అందరూ గల్లాపెట్టె చుట్టూ మూగి లోపలికి వంగి ఉన్నారు. మధ్యలో యజమాని. ఆయన కుడి బొటనవేలు నా మాండొలిన్ బ్రిడ్జి మీద ఉంది. దుకాణమంతా కళ్లు మండే ఘాటైన వాసన.

"దగ్గరికి రాకండి సార్," అన్నారు నన్ను చూసి. "ఊగితే పట్టు పోతుంది."

బల్ల మీద చిన్న ట్యూబు పడి ఉంది, క్షణాల్లో అంటుకునే జిగురుది. మూతికి గుచ్చిన గుండుసూది అలాగే ఉంది. బ్రిడ్జి అడుగున జిగురు పొంగి, తెల్లటి గీత కట్టి, నా కళ్ల ముందే గట్టిపడుతోంది. అది నేను పెట్టిన చోట కూడా లేదు. అరంగుళం మెడ వైపుకు జరిగి ఉంది. ఎందుకు జరిపారని అడగడానికి నోరు తెరిచేలోపే యజమాని వివరించారు. పాత చోట ఉంటే బ్రిడ్జి కింద బంగారు రంగు స్టిక్కరు సగం మూసుకుపోయిందట. ఇప్పుడు కంపెనీ పేరంతా చక్కగా కనిపిస్తోందట. నిజమే, కనిపిస్తోంది.

బ్రిడ్జి రెండో కొసను బృందం పెద్దాయన పట్టుకుని ఉన్నారు. నుదుట నిండా నామాలు, చేతికి కంకణం, ముఖంలో సేవ చేస్తున్న ప్రశాంతత. తమ ఊళ్లో హార్మోనియం మెట్టు ఊడితే ఇలాగే అతికించారని, అది పదేళ్లుగా చెక్కుచెదరలేదని చెబుతున్నారు. పక్కనే ఒక కుర్రవాడు గట్టిగా అంకెలు లెక్కపెడుతున్నాడు. అరవై వరకు వేలు తీయకూడదని యజమాని ఆజ్ఞ. నలభై దాటాక ఎవరో తాళం జత ధర అడిగేసరికి వాడు లెక్క తప్పాడు. పెద్దాయన వాణ్ణి కోప్పడి, మళ్లీ ఒకటి నుంచి మొదలుపెట్టించారు. ఆ రెండో లెక్కంతా నేను చేతిలో నోట్లు పట్టుకుని గుమ్మంలో నిలబడి విన్నాను. ఎవరి పెళ్లో జరుగుతుంటే మధ్యలో అరిచే ధైర్యం ఎవరికుంటుంది? మా బావమరిది ఎక్కడా అని చూస్తే, మాండొలిన్ మెడ పట్టుకుని ఉన్నది వాడే.

"తీగలు నేనే వదులు చేశాను బావా," అన్నాడు. "ఇందాక నువ్వు చేసినట్టే."

అరవై అయింది. పెద్దాయన వేలు తీసి, బ్రిడ్జిని కదిపి చూసి, అది కదలకపోవడంతో రెండు చేతులూ పైకెత్తి "గోవిందా!" అన్నారు. బృందమంతా "గోవింద!" అంది. తిరుపతిలో ఎవరైనా ఆ మాట అంటే వీధి ఊరుకోదు. బయట ఆటోవాళ్లు, పూలమ్మే ఆవిడ, ఎదురు హోటల్లో కాఫీ తాగుతున్నవాళ్లు అందరూ బదులు పలికారు. ఆ పలికినవాళ్లలో నేనూ ఉన్నాను. అలవాటు.

"దాన్ని అంటించకూడదండీ," అన్నాను చివరికి.

"వదులుగా ఉన్నదాన్ని అలాగే అమ్మమంటారా? రేపు ఊడిపోయిందని మీరే వస్తారు. వీణ మెట్లను మైనంతో నిలబెట్టరా?"

"మైనం కరిగించి మళ్లీ సర్దుకోవచ్చు. ఇది రాయి. అంతెందుకు, పైన ఉన్న మీ వయొలిన్ల బ్రిడ్జిలు ఎవరు అంటించారు? అవీ ఊరికే నిలబడి ఉన్నవే."

ఆయన తలెత్తి వయొలిన్ల వైపు చూశారు. "అవి కూడానా?" అంటూ ట్యూబు అందుకున్నారు. వాటి మేలు కోరి నేను నోరు మూసుకున్నాను.

వద్దని వెళ్లిపోదామంటే దారి లేదు. మా బావమరిది నా పేరు మీద వెయ్యి రూపాయలు అడ్వాన్సు కట్టి ఉన్నాడు, మాట పోకూడదని. రసీదు మీద "రిపేరు ఉచితం" అని కూడా రాయించుకున్నాడు. దాని కిందనే "అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు" అని అచ్చువేసి ఉంది. పెద్దాయన నా భుజం మీద చెయ్యి వేసి, "స్వామివారి నామం చెప్పి అతికించిన వాద్యం, కాదనకండి స్వామీ" అన్నారు. ఇరవై మంది భక్తుల ఎదుట కాదనడం ఎలా? మిగిలిన ఐదు వేలు లెక్కపెట్టి ఇచ్చాను.

ఇంటికి తెచ్చి శ్రుతి చేస్తే ఖాళీ తీగలు హాయిగా పలికాయి. మెట్టు మీద వేలు పెట్టగానే మొదలైంది. నట్టు నుంచి బ్రిడ్జి వైపు వెళ్లేకొద్దీ స్వరం ఉండాల్సినదానికన్నా హెచ్చుతూ పోతుంది. పన్నెండో మెట్టుకు చేరేసరికి పై షడ్జమం దాటిపోయి, దాని తర్వాతి స్వరమైన శుద్ధ రిషభం దాకా వెళ్లలేక, నడుమ ఎక్కడో నిలబడుతుంది. కర్ణాటక సంగీతపు మూల రాగాలైన 72 మేళకర్తల్లో దేనిలోనూ దానికి చోటు లేదు. మా వీధి చివర వయొలిన్ మాస్టారికి వినిపించాను. కళ్లు మూసుకుని విన్నారు. కళ్లు తెరిచి, "తలుపు వేసుకుని వాయించుకోండి" అన్నారు.

మళ్లీ దుకాణానికి వెళ్లక తప్పలేదు, మళ్లీ బావమరిదితోనే. బండి వాడిది. యజమాని మాండొలిన్‌ను తిప్పి చూసి, బ్రిడ్జిని గోటితో గీకి, తన పనితనానికి తానే మురిసిపోయారు. పైన వయొలిన్ల వరసలో మొదటి రెండింటి బ్రిడ్జిల అడుగున ఏదో తెల్లగా మెరుస్తోంది. నేను అటు చూడటం మానేశాను.

"అంటించింది ఉచితమే సార్," అన్నారు. "ఊడదీయడానికి 300 అవుతుంది. చెక్క పెచ్చులూడితే మా పూచీ లేదు."

మా బావమరిది నా చెవి దగ్గరకు వంగాడు. "250కి అడగనా బావా?"